చల్లటి కాడలు

నీలవేణి జొన్నకు ఒంట్లో వేడి ఉంది. లింబాద్రి జొన్నకు లేదు. చాంగ్‌థాంగ్ పీఠభూమి మీద ఆ పరిశోధన కేంద్రంలో పనిచేసేవాళ్లను వారిద్దరి గురించి అడిగితే ముందు ఈ మాటే చెప్పేవారు. ఇద్దరూ భార్యాభర్తలన్న సంగతి ఆ తర్వాత చెప్పేవారు.

లదాఖ్‌లో అంత ఎత్తున చెట్టన్నది కనిపించదు. ఎండాకాలంలో కూడా తెల్లవారేసరికి బకెట్లో నీళ్ల మీద మంచు పొర కడుతుంది. వాన పడితే నేల రంగు మారేంత పడుతుంది, అంతే. అటువంటి చోట తీపి జొన్న పండించాలన్నది పథకం. కాడ పిండితే వచ్చే రసంతో ఇంధనం తీయాలి, ఆకు, పిప్పి మేకలకు చలికాలం మేత కావాలి. నీళ్లు తక్కువైనా జొన్న ఓర్చుకుంటుంది. చలి ఒక్కటే దానికి గిట్టదు.

ఆ కేంద్రానికి ముందు వచ్చింది లింబాద్రి. ఆర్మూరు దగ్గర ఎర్రజొన్న చేల మధ్య పుట్టినవాడు. మొక్కను మొక్కతో సంకరపరచి, చలికి చావగా మిగిలినదాని గింజ తీసి, మళ్లీ విత్తి, ఏళ్ల తరబడి అదే పని చేశాడు. ప్రతి ఏడూ మొదటి మంచు రాత్రికి అతని వరుసలు ఉడికించిన ఆకుకూరలా వాలిపోయేవి. ఎక్కడో ఒక మొక్క మిగిలేది. దానితో మళ్లీ మొదలుపెట్టేవాడు.

నీలవేణి అతని భార్యగా వచ్చింది. రాజేంద్రనగర్ వ్యవసాయ కాలేజీలో ఒకే బెంచీ మీద చదువుకున్నవాళ్లే అయినా ఇక్కడ ఆమెకు మొదట దొరికింది ప్రయోగశాలలో ఒక మూల. ఆ మూలలో కూర్చుని ఆమె తామర గురించి ఆలోచించింది. తామర పువ్వు చల్లటి రాత్రుల్లో తనలోని పిండిపదార్థాన్ని కాల్చుకుని తనను తాను వెచ్చగా ఉంచుకుంటుంది. ఆ గుణాన్ని ఆమె జొన్నలోకి తెచ్చింది. పగలు ఎండకు కూడబెట్టిన తీపిలో కొంత రాత్రి కుంపటిలో వేసినట్టు కాల్చుకునే జొన్న అది. రెండు పంటల్లో పని అయిపోయింది.

ఆ మొక్కలు మొదటి మంచును ఎదుర్కొన్న పొద్దున అందరూ చేలోకి పరుగెత్తారు. అవి నిటారుగా నిలబడి ఉన్నాయి. ఆకుల చుట్టూ సన్నటి ఆవిరి. ఎవరో గ్లవ్జు తీసి కాడ పట్టుకున్నారు. గోరువెచ్చగా ఉంది. వంటమనిషితో సహా అందరూ తలో కాడ పట్టుకుని నవ్వుతూ నిలబడ్డారు. లింబాద్రి మాత్రం చేతులు జేబుల్లోంచి తీయలేదు.

అప్పటినుంచి అక్కడ ఒక అలవాటు ఏర్పడింది. పొద్దున చేలోకి వెళ్లిన వాళ్లెవరైనా ముందు రెండు మూడు కాడలు తడిమి, వెచ్చటిదాన్ని పట్టుకుని చేతులు కాచుకునేవారు. వేళ్లు కదలడం మొదలయ్యాక పరీక్షకు ఆ కాడనే కోసేవారు. అందులో తప్పేముందో ఎవరికీ తోచలేదు. ఆ చలిలో చేతికి అందిన వెచ్చదనాన్ని ఎవరు వదులుకుంటారు?

వాళ్లిద్దరికీ ఒకటే గది, గదిలో ఒకటే బుఖారీ. ఆ ఇనప పొయ్యి చుట్టూ తడిసిన మేజోళ్లు ఆరేసేవారు. నీలవేణి తనవి వెనక వేసి అతనివి ముందు వేసేది. అతడు అది చూసేవాడు. చూసినందుకు ఇంకా కోపం వచ్చేది. తనను ఓడించినవాళ్లు తనతో మంచిగా ఉండటం అతనికి భరించరానిదిగా అనిపించేది. డైరెక్టర్ ఫోన్ చేసి "మేడమ్ ఉన్నారా?" అని అడిగిన రోజున అతడు రాత్రి భోజనం దగ్గర మాట్లాడేవాడు కాదు.

"మొకం అట్ల పెట్టకు," అంది ఒకసారి నీలవేణి, రొట్టె వడ్డిస్తూ. "ఈ చలికి అట్లనే గడ్డకడ్తది."

అతనికి నవ్వు వచ్చింది. నవ్వు వచ్చినందుకు పళ్లెం పక్కకు జరిపి లేచాడు.

సమావేశాల్లో అతడు అభ్యంతరాలు చెప్పడం మొదలుపెట్టాడు. ఈ జొన్న నీళ్లు ఎక్కువ తాగుతుందన్నాడు. కొలిచి చూస్తే తాగలేదు. తీపి కాల్చుకునే కాడలో రసం మిగలదన్నాడు. రసం వచ్చింది, తియ్యగానే వచ్చింది. మేకలు దీన్ని ముట్టవన్నాడు. ముట్టడం కాదు, కంచె విరగదోసుకుని వచ్చాయి. మూడోసారి తర్వాత అతడు నోరు తెరిస్తే చాలు, అవతలివాళ్లు కాగితాలు సర్దుకోవడం మొదలుపెట్టేవారు.

అతని మనసులో నాలుగో అనుమానం ఒకటి మిగిలింది. అది ఆర్మూరు నుంచి తెచ్చుకున్నది. ఎండకో చలికో దెబ్బతిన్న లేత జొన్నలో విషం పుడుతుంది. దాన్ని అక్కడ నాము అంటారు. అతని చిన్నప్పుడు వాళ్లమ్మ పెంచిన పెయ్యదూడ నాము తిని, గట్టు దాటేలోపే కాళ్లు ముడుచుకుని పడిపోయింది. నీలవేణి జొన్న గడ్డకట్టదు గనుక అందులో నాము పుట్టదని అందరి నమ్మకం. మరి దాని తీపి అయిపోయిన రోజున?

నాము పరీక్ష సులభం. ఆకు నలిపి సీసాలో వేసి, మందు పట్టించిన పసుపు కాగితాన్ని మూతకు వేలాడదీస్తారు. విషముంటే కాగితం ఇటుక రంగుకు మారుతుంది. లింబాద్రి రోజూ ఆ సీసాల ముందు కూర్చునేవాడు. కాగితం పసుపుగానే ఉండేది. అది ఎర్రబడాలని తాను కోరుకుంటున్నానన్న సంగతి అతనికి తెలుసు. తెలిసినా కోరిక తగ్గలేదు.

సెప్టెంబరు మొదట్లో దోల్మా తన మేకలను తోలుకుని వచ్చింది. ఆమె మందలతో తిరిగే చాంగ్పా తెగ మనిషి, పశ్మీనా మేకలే ఆమె బతుకు. కిందటి చలికాలం మంచు కింద గడ్డి దొరక్క సగానికి పైగా మంద చచ్చింది. ఆమె మరిది మిగిలినవి అమ్ముకుని రోడ్డు పనికి రాళ్లు మోయడానికి పోయాడు. ఈసారి కూడా మేకలు పడితే తాను అదే చేస్తానని ఆమె నీలవేణితో హిందీలో, వాతావరణం గురించి చెప్పినంత మామూలుగా చెప్పింది. ఈ ఏడు మంచు ముందుగానే పడి మేత బయళ్లన్నీ మూసుకుపోయాయి. కొత్త జొన్నను మొదటిసారి మందకు పూర్తి మేతగా పెట్టి చూడటానికి కేంద్రం వాళ్లు ఆమె మేకలకు దొడ్డి కట్టారు. తెచ్చిపెట్టిన ఎండుగడ్డి ఆ మేత పెట్టే రోజు వరకే వస్తుంది. మేత పెట్టే రోజుకు లేహ్ నుంచి పెద్దలు రావాలని నిర్ణయమైంది.

ఆ రోజుకు ముందు ఆకాశం మూసుకుంది. ఆ ప్రాంతంలో మబ్బులు అరుదు, నిలబడటం మరీ అరుదు. ఈసారి మూడు రోజులు నిలబడ్డాయి. ఎండ లేదు. నాలుగో రోజు వేకువకు మబ్బు తేలిపోయి, చలి కత్తిలా దిగింది.

లింబాద్రి లేచేసరికి నీలవేణి అప్పటికే పెద్దల కోసం ఏర్పాట్లు చూడటానికి వెళ్లింది. బుఖారీ మీద అతని కోసం టీ గిన్నె మూతపెట్టి ఉంది. అతడు దాన్ని ముట్టుకోకుండా చేలోకి వెళ్లాడు.

ముందు తన ఎకరం దగ్గర ఆగాడు. పొట్టి మొక్కలు, ఊదారంగు ఆకులు, చప్పటి కాడలు. వంగి చూశాడు. నిలబడి ఉన్నాయి. ఒకటీ అరా కాదు, దాదాపు అన్నీ. కంకుల్లో గింజ ఇంకా పాలు మీదే ఉంది, ముదరడానికి మరో మూడు వారాలు కావాలి. కాని ఇన్నేళ్లలో ఇంత చలిని దాటి ఇన్ని నిలబడటం ఇదే మొదలు. పిలిచి చూపించడానికి చుట్టూ ఎవరూ లేరు. అందరూ అవతల నీలవేణి చేను దగ్గర ఉన్నారు.

అక్కడికి వెళ్లాడు. పనివాళ్లు అప్పటికే రెండు పక్కల నుంచీ కోసి మోపులు కడుతున్నారు. మొక్కలు పచ్చగా, నిటారుగా కళకళలాడుతున్నాయి. పరీక్షకు కోసేవాడు ఎప్పటిలా కాడలు తడుముతూ, వెచ్చటిది దొరికాక దానికి చేతులు కాచుకుంటున్నాడు. లింబాద్రి తూర్పు పక్కకు నడిచాడు. గ్లవ్జు తీసి ఒక కాడ పట్టుకున్నాడు. చల్లగా ఉంది. పక్కది చల్లగా ఉంది. దాని పక్కది కూడా. ఆమె వెచ్చదనాన్ని ఆసరా చేసుకోవడం అతనికి ఎన్నడూ ఇష్టం లేదు. పంతంకొద్దీ చల్లటివే కోసుకుని ప్రయోగశాలకు వచ్చాడు. వాటి పక్కనే మరో సీసాలో తన చేను ఆకు కూడా నలిపి వేశాడు.

అతని ఆకు మీది కాగితం పసుపుగానే ఉంది. ఆమె ఆకు మీది కాగితం అంచు నుంచి మారడం మొదలై, అతడు చూస్తుండగానే ఇటుక రంగుకు తిరిగింది.

అతనికి సంతోషం కలిగింది. అది ముందు వచ్చింది. ఎన్నాళ్లుగానో వంగి ఉన్న నడుము ఒక్కసారి నిటారైనట్టు అనిపించింది. మేకలు గుర్తుకు వచ్చింది ఆ తర్వాతే.

దొడ్డి దగ్గరికి పరుగెత్తాడు. ఆ ఎత్తున పరుగెత్తితే ఊపిరి అందదు. మోపులు కంచె వరకు వచ్చేశాయి. నీలవేణి, దోల్మా గేటు పక్కన నిలబడి ఉన్నారు.

"ఆపు, నీలా," అన్నాడు. "నాము ఎక్కింది."

ఆమె పనివాళ్లను ఆగమని చెయ్యి చూపించి అతణ్ని పక్కకు తీసుకువెళ్లింది. ఆమె గొంతు పెంచలేదు.

"నీళ్లు తాగుతదన్నవ్. రసం రాదన్నవ్. మేకలు ముట్టవన్నవ్. ఇయ్యాల, వాళ్లొచ్చే యాళ్లకు, విషమంటున్నవ్."

"అంటున్న."

"నిన్నటిదాకా కాగితం పసుపుగనే ఉండె కదా."

"నిన్న కోసినోళ్లు చెయ్యి కాగే కాడనే కోసిర్రు. రోజూ అంతే. నేను చల్లటివి కోసిన. మూడు దినాలు ఎండ లేదు. తూర్పు దిక్కు మొక్కలు ఉన్న తీపంత కాల్చుకొని, ఆఖరికి గడ్డకట్టినయ్. పచ్చగ కనిపిస్తున్నయ్, అంతే."

"చల్లటివే ఎందుకు కోసినవ్?"

అతడు నేల చూశాడు. తర్వాత తల ఎత్తి ఆమెను చూశాడు.

"నీ మీది కుళ్లుతోని. ఎప్పటిసంది ఉన్నదో నీకు ఎరుకే. కాగితానికి ఏం కుళ్లున్నది, నీలా?"

ఆమె తూర్పు పక్కకు వెళ్లింది. ఒట్టి చేతితో ఒక్కొక్క కాడే పట్టుకుంటూ వరుస వెంట నడిచింది. తాను పుట్టించిన మొక్కల నాడి చూస్తున్నట్టు ఉంది. కొన్నింటి దగ్గర ఎక్కువసేపు పట్టుకుని నిలబడింది, వెచ్చబడతాయేమోనని. చివరికి నాలుగు ఆకులు తెంపుకుని ప్రయోగశాలకు వెళ్లింది.

ఆమె తిరిగి వచ్చేలోపే ఒక ముసలి మేక కంచె సందులోంచి మెడ సాచి, తూర్పు పక్క మోపులోంచి గుప్పెడు ఆకు లాక్కుంది. మందకు ముందు నడిచే మేక అది, దానికి ఆగమంటే తెలియదు. లింబాద్రి చూసి దాని నోట్లోంచి ఆకు లాగాడు. సగమే చేతికి వచ్చింది. కొంతసేపటికి మేక ఊపిరి కోసం నోరు తెరిచింది. ముందుకాళ్ల మీద కూలబడింది. నీలవేణి చేతిలో ఎర్రటి కాగితంతో వచ్చేసరికి దోల్మా దాని తల ఒడిలో పెట్టుకుని కూర్చుని ఉంది. ఎవరినీ తిట్టలేదు. ప్రాణం పోయాక దాని కళ్లు మూసి, పొట్ట మీది బొచ్చులో చిక్కుకున్న గడ్డిపరకలు ఒక్కొక్కటిగా తీసింది.

లింబాద్రి ఆమె ముందు నిలబడలేకపోయాడు. ఆ మేక బతికి ఉండగానే తాను ఒకసారి సంతోషించాడు.

పెద్దలను దారిలోంచే వెనక్కి పంపారు. డైరెక్టర్ ఫోన్‌లో చాలాసేపు కేకలు వేశాడు, ముందు నీలవేణి మీద, తర్వాత లింబాద్రి మీద, సంగతి ముందే ఎందుకు కనిపెట్టలేదని. నీలవేణి ఫోన్ పెట్టేసి, కోసిన మోపులన్నీ విప్పించి రాతిగోడల మీద పలచగా పరిపించింది. ఆ పొడి గాలికి ఆరితే విషం పోతుంది. దానికి వారం పైగా పడుతుంది. చేనులో మిగిలినదాన్ని నమ్మడానికి లేదు. ఏ కాడ వెచ్చగా ఉందో, ఏది సాయంత్రానికి చల్లబడుతుందో ఎవరూ చెప్పలేరు.

మేకలు వారం ఆగలేవు. ఎండుగడ్డి అయిపోయింది. మంచు కప్పిన కనుమ దాటి గడ్డి లారీ రావడానికి పది రోజులన్నారు. దొడ్డిలోంచి అరుపులు కేంద్రమంతా వినిపిస్తున్నాయి. దోల్మా ఒక్కో మేక పొట్ట తడిమి చూస్తూ తిరుగుతోంది.

దగ్గర్లో పచ్చగా, విషం లేకుండా నిలబడి ఉన్నది లింబాద్రి ఎకరమే. ఆ సంగతి అందరికీ తెలుసు. ఎవరూ అనలేదు. నీలవేణి ఒకసారి అటు చూసి వెంటనే చూపు తిప్పుకుంది.

పాలు మీదున్న గింజ విత్తనానికి పనికిరాదు. ఇప్పుడు కోస్తే, ఇంత చలి దాటినవి ఏవో తెలిసిన మొదటి ఏడే వాటి విత్తనం లేకుండా పోతుంది. కిందటేడు గింజతో మళ్లీ మొదలుపెట్టాలి. మళ్లీ ఇటువంటి మూడు మబ్బు రోజులు, ఆ వెనక ఇటువంటి చలి వచ్చేదాకా ఏ మొక్క గట్టిదో తేలదు. ఆమె మొక్కలు ఈ వారం ఆరితే చాలు. ఆమె పని ఉంటుంది. పోయేది అతని పనే. ఇందులో న్యాయం ఎక్కడుందో అతడు చాలాసేపు వెతికాడు. దొరకలేదు. కొడవలి తీసుకుని తన చేలోకి వెళ్లాడు.

కాసేపటికి నీలవేణి ఇంకో కొడవలితో వచ్చింది. ఇద్దరూ పక్కపక్క వరుసల్లో వంగారు. కొంత దూరం కోశాక ఆమె నడుము ఎత్తి, మంచి కంకులున్న కొన్ని మొక్కల దగ్గర ఆగి, మెడకున్న ఉన్ని శాలువా తీసి వాటిని కలిపి చుట్టింది.

"వీటిని ముట్టకు," అంది.

"అవి ఎన్ని మేకలకు వస్తయో ఎరుకేనా?"

"ఒక్క పూటకు రావు. గందుకే ముట్టకు."

మళ్లీ వంగి కోయడం మొదలుపెట్టారు. ఆమె తల ఎత్తకుండానే అడిగింది.

"కాగితం ఎర్రగైనప్పుడు నీకు ఏమనిపించింది?"

అతడు అబద్ధం చెప్పి ఉండవచ్చు. కొడవలి ఆగింది.

"ముందుగాల సంబురమే అయింది."

ఆమె చేతిలోని పిడికెడు కోసి కింద పెట్టింది. మరో పిడికెడు పట్టుకుంది.

"నీ వరుసలు మంచుకు పోయినప్పుడల్లా నాగ్గూడ అట్లనే అయ్యేది," అంది. "ప్రతి ఏడు. నీకు టీ పెట్టి ఇచ్చేటప్పుడు గూడ."

ఆ మాట అతనికి ఎక్కడో తగిలింది. ఆశ్చర్యంగా, నొప్పి కంటే ముందు కొంచెం తేలిక అనిపించింది. ఇన్నేళ్లూ ఆ గదిలో ఈ జబ్బు తనొక్కడికే ఉందనుకున్నాడు. అతడు ఆమె కోసిన పిడికెళ్లు కూడా కలిపి మోపు కట్టాడు.

ఎనిమిది రోజులు మేకలు అతని జొన్న తిన్నాయి. తీరిగ్గా, ఆవలిస్తున్నట్టు నమిలేవి. దోల్మా రోజూ పొద్దున వచ్చి, ఏదీ పడిపోలేదని అతనికి మాత్రమే చెప్పి వెళ్లేది. చెప్పడానికి ఆమెకు వేరే మనుషులు చాలామందే ఉన్నారు. అయినా నడిచి అతని దగ్గరికే వచ్చేది. ఆ ఎనిమిది రోజులూ గోడల మీద ఆరే ఆకును అతడే పరీక్షించాడు, ప్రతి గోడ మీదా చల్లటి కాడలే ఏరి. కేంద్రం వాళ్లకు కొత్త నియమం పెట్టింది నీలవేణి. ఇకమీదట నమూనా కోసేవాళ్లు ముందు బుఖారీ దగ్గర చేతులు కాచుకుని, ఆ తర్వాతే చేలోకి రావాలి.

తొమ్మిదో రోజున ఆరిన నీలవేణి జొన్నను దొడ్డిలోకి మోయించారు. వాసన తగలగానే మేకలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. వారం పైగా కడుపు నింపిన చప్పటి కాడలను తొక్కుకుంటూ పోయాయి. లింబాద్రి చేతుల్లో తన చివరి మోపు ఉంది. ఒక్క మేకైనా ఇటు తిరుగుతుందేమోనని చూశాడు. ఒక్కటీ తిరగలేదు. మేకల మీద కూడా కుళ్లు పుట్టగలదని అతనికి ఆ రోజే తెలిసింది.

నీలవేణి గేటు దాటి వచ్చింది. అతని చేతుల్లోంచి ఒక కాడ లాగి, పళ్లతో తొక్క తీసి, నమిలింది. చాలాసేపు నమిలింది.

"చప్పగున్నది."

"ఎరుకే."

ఆమె ఉమ్మలేదు. "తామర గుణం దీంట్లకు తెస్తే, తీపి అయిపోయిన దినం గూడ ఇది గడ్డకట్టదు," అంది. "నాము పుట్టదు. నువ్వు ఇస్తవా?"

అతడు మేకలకేసి చూశాడు. ఆమె తన మొక్కలను అడుగుతోంది. ఇన్నేళ్లలో ఆమె అతణ్ని ఏదీ అడగలేదు.

"పేరు ఎవలది ముందుంటది?" అన్నాడు.

ఆమె కాడను మధ్యకు విరిచి, నమలని సగం అతని చేతిలో పెట్టింది.

"నీదే," అంది. "నేను కుళ్లుకుంట."

అతడు ఆ సగాన్ని నోట్లో పెట్టుకుని నమిలాడు.